మెజెల్లాన్ నిజంగా ప్రపంచాన్ని చుట్టి వచ్చాడా?

గ్రూప్స్‌కి చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. "ఒక గైడ్‌లో ప్రపంచాన్ని మొదట చుట్టి వచ్చినవాడు మెజెల్లాన్ అని ఉంది. ఇంకో పుస్తకంలో ఆయన దారిలోనే ఫిలిప్పీన్స్‌లో చనిపోయాడని ఉంది. రెండూ ఎలా కుదురుతాయి? చుట్టి రాకపోతే ఆయన గొప్పతనం ఏమిటి?"

ముందు సూటిగా చెబుతాను. మెజెల్లాన్ చుట్టి రాలేదు. 1521 ఏప్రిల్ 27న ఫిలిప్పీన్స్‌లోని మక్తాన్ అనే చిన్న దీవి ఒడ్డున ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన వెంట బయలుదేరిన ఐదు ఓడల్లో విక్టోరియా ఒక్కటే 1522 సెప్టెంబర్ 6న స్పెయిన్‌లోని సాన్లూకార్ రేవుకు తిరిగి చేరింది. దాన్ని తీసుకొచ్చినవాడు హువాన్ సెబాస్టియన్ ఎల్కానో అనే బాస్క్ నావికుడు. ఓడలో మిగిలిన యూరోపియన్లు 18 మంది. పరీక్షలో "చుట్టి వచ్చిన మొదటి యాత్రకు నాయకత్వం వహించి బయలుదేరినది ఎవరు" అంటే మెజెల్లాన్. "ఆ యాత్రను పూర్తి చేసింది ఎవరు" అంటే ఎల్కానో. పరీక్ష వరకు ఇది చాలు.

ఇక మీ మూడో ప్రశ్న. నేను 30 ఏళ్ళకు పైగా వర్తక నౌకల్లో పనిచేశాను. కేడెట్‌గా చేరి కెప్టెన్‌గా రిటైర్ అయ్యాను. మెజెల్లాన్ పేరున్న జలసంధిని రెండుసార్లు దాటాను. చుట్టి వచ్చాడా లేదా అన్న లెక్కతో ఆ మనిషిని కొలిస్తే అసలు సంగతి చేజారిపోతుందని నా నమ్మకం. అందుకే జవాబు కాస్త పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి.

భూమిని చుట్టి రావాలని ఆ యాత్రలో ఎవరూ బయలుదేరలేదు. వాళ్ళు వెళ్ళింది లవంగాల కోసం. మన వంటింట్లో పోపుల డబ్బాలో పడి ఉండే లవంగం ఆ రోజుల్లో ప్రపంచం మొత్తం మీద ఇప్పటి ఇండోనేషియాలోని ఐదు చిన్న దీవుల్లోనే కాసేది: తెర్నాతే, తిదోరే, మోతి, మకియాన్, బచాన్. అవే మొలుక్కా దీవులు. అక్కడి నుంచి మలక్కా, కాలికట్, ఎర్రసముద్రం, అలెగ్జాండ్రియా, వెనిస్ మీదుగా చేతులు మారుతూ యూరప్ చేరేసరికి దాని ధర ఆకాశంలో ఉండేది. ఆ దీవులకు నేరుగా చేరినవాడు కోటీశ్వరుడు అవుతాడు. మెజెల్లాన్ జీవితమంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగింది.

ఆయన పుట్టింది పోర్చుగల్ ఉత్తర భాగంలో, 1480 ప్రాంతంలో. సొంత భాషలో పేరు ఫెర్నావ్ ద మగల్యాయిష్. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే లిస్బన్‌లో రాణి కొలువులో పరిచారకుడిగా పెరిగాడు. 1505లో ఫ్రాన్సిస్కో డి అల్మెయిడా భారతదేశానికి తెచ్చిన పెద్ద నౌకాదళంలో మామూలు సైనికుడిగా ఎక్కాడు. చాలామంది గమనించని సంగతి ఇది: మెజెల్లాన్ సముద్రం నేర్చుకున్నది అట్లాంటిక్‌లో కంటే ఎక్కువగా మన తీరాల్లోనే. కొచ్చి, కన్నూర్, డయ్యూ, ఆ తర్వాత మలక్కా. 1506లో కన్నూర్ దగ్గర కాలికట్ రాజు సామూతిరి నౌకలతో జరిగిన యుద్ధంలో గాయపడ్డాడు. 1509 ఫిబ్రవరిలో డయ్యూ యుద్ధంలో ఉన్నాడు. శ్రీకృష్ణదేవరాయలు విజయనగర సింహాసనం ఎక్కింది ఆ సంవత్సరంలోనే.

1510 నాటి ఒక సంఘటన చెబుతాను. కొచ్చి నుంచి పోర్చుగల్‌కు తిరిగి వెళుతున్న రెండు ఓడలు లక్షద్వీప్ దగ్గర పాదువా తిట్ట మీద ఎక్కి చిక్కుకుపోయాయి. ఉన్న పడవల్లో అందరూ పట్టరు. ముందు మేమే వెళతామని అధికారులు, పెద్ద కుటుంబాలవాళ్ళు అన్నారు. వెళ్ళినవాళ్ళు తమ కోసం తిరిగి ఓడ పంపుతారన్న నమ్మకం మామూలు నావికులకు లేదు. గొడవ ముదురుతుంటే మెజెల్లాన్ తాను వాళ్ళతోనే ఉండిపోతానన్నాడు. తన హోదాకి పడవలో చోటు దొరికేది, అయినా దిగలేదు. ఆయన ఉన్నాడన్న ధైర్యంతో నావికులు శాంతించారు. సాయం వచ్చేదాకా వాళ్ళతో ఆ తిట్ట మీదే గడిపాడు. ఈ గుణాన్ని గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1509లో పోర్చుగీసు ఓడలు మొదటిసారి మలక్కాకు వెళ్ళినప్పుడు ఆయనా వెళ్ళాడు. అక్కడి సుల్తాను మనుషులు పన్నిన ముట్టడిలో ప్రాణ స్నేహితుడు ఫ్రాన్సిస్కో సెర్రావ్‌ను కాపాడాడు. 1511లో పోర్చుగీసు గవర్నర్ అల్బుకెర్క్ మలక్కాను జయించినప్పుడూ అక్కడే ఉన్నాడు. అప్పుడు ఆయన చేతికి చిక్కిన ఒక మలయా కుర్రవాడికి ఎన్రికే అని పేరు పెట్టి బానిసగా వెంట ఉంచుకున్నాడు. ఇంతలో సెర్రావ్ మొలుక్కా దీవుల వైపు వెళ్ళి, ఓడ పగిలి, చివరికి తెర్నాతే సుల్తాను కొలువులో స్థిరపడిపోయాడు. అక్కడి నుంచి మెజెల్లాన్‌కు ఉత్తరాలు రాసేవాడు. ఈ దీవులు మలక్కాకి చాలా తూర్పున ఉన్నాయి, రా, అని పిలిచేవాడు. ఆ "చాలా తూర్పున" అన్నదే మెజెల్లాన్ బుర్రలో పురుగై తొలిచింది.

కారణం 1494 నాటి తోర్దెసిల్యాస్ ఒప్పందం. కేప్ వెర్డే దీవులకు పడమర 370 లీగుల దూరంలో ఒక నిలువు గీత గీసి, తూర్పున దొరికేది పోర్చుగల్‌ది, పడమర దొరికేది స్పెయిన్‌ది అని రెండు రాజ్యాలు పంచుకున్నాయి. అక్కడ బతుకుతున్న జనాన్ని ఎవరూ అడగలేదు. భూమి గుండ్రం కాబట్టి ఆ గీత అవతలి వైపు కూడా ఎక్కడో దిగాలి. అది మొలుక్కాకి ఇటు దిగుతుందా, అటు దిగుతుందా? మొలుక్కా చాలా తూర్పున ఉంటే అవి స్పెయిన్ వాటాలోకి వస్తాయి.

పోర్చుగల్‌కు తిరిగి వెళ్ళాక మెజెల్లాన్‌కు మంచి రోజులు రాలేదు. 1513లో మొరాకో యుద్ధంలో కాలికి దెబ్బ తగిలి జీవితాంతం కుంటి నడక అయింది. పట్టుబడిన పశువులను శత్రువులకే అమ్మాడన్న అభియోగం వచ్చింది. పింఛను కొద్దిగా పెంచమని అడిగితే రాజు మనుయేల్ నిరాకరించాడు. మొలుక్కాకు పంపమంటే అదీ కాదన్నాడు. వేరే రాజు దగ్గరికి వెళ్ళవచ్చా అంటే నీ ఇష్టం అన్నాడు. 1517లో మెజెల్లాన్ స్పెయిన్‌లోని సెవిల్‌కు వెళ్ళిపోయి, అక్కడ బియాత్రిజ్ బార్బోసాను పెళ్ళి చేసుకున్నాడు. 1518 మార్చి 22న స్పెయిన్ రాజు చార్లెస్ ఆయనతోనూ, రూయి ఫలేయిరో అనే జ్యోతిశ్శాస్త్ర పండితుడితోనూ ఒప్పందం రాసుకున్నాడు. రాజుకు అప్పటికి 18 ఏళ్ళు. ఫలేయిరో మాత్రం చివరికి ఓడ ఎక్కలేదు.

ఇక్కడ నా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తును ఆస్ట్రోలేబ్‌తో కొలిస్తే అక్షాంశం తెలిసేది, వాళ్ళు దాన్ని బాగానే కట్టేవారు. రేఖాంశం అలా కాదు. దానికి బయలుదేరిన చోట ఇప్పుడు టైమెంత అన్నది ఖచ్చితంగా తెలియాలి. గడియారం 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఒక నాటికల్ మైలు తప్పుతాం. నేను కేడెట్‌గా ఉన్న రోజుల్లో జీపీఎస్ లేదు. రోజూ రేడియో టైమ్ సిగ్నల్‌తో క్రోనోమీటర్, అంటే ఓడ గడియారం, తేడా రాసుకుని, సెక్స్‌టాంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో నక్షత్రాల ఎత్తు కొలిచేవాళ్ళం. ఒక్కరోజు మబ్బు పట్టినా టెన్షన్‌గానే ఉండేది. మెజెల్లాన్ ఓడల్లో ఉన్నవి ఇసుక గడియారాలు. సముద్రం మీద నమ్మదగ్గ గడియారం రావడానికి ఇంకా రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది. అంటే ఆ గీత అవతల ఎక్కడ దిగుతుందో తేల్చగల సాధనం ఆనాడు భూమ్మీద ఎవరి దగ్గరా లేదు. నిజానికి మొలుక్కా పోర్చుగల్ సగంలోనే ఉన్నాయి. యాత్ర మొత్తం ఒక తప్పు లెక్క మీద బయలుదేరింది.

1519 ఆగస్టు 10న సెవిల్ నుంచి, సెప్టెంబర్ 20న సాన్లూకార్ నుంచి ఐదు ఓడలు కదిలాయి: త్రినిదాద్, సాన్ ఆంటోనియో, కన్సెప్సియోన్, విక్టోరియా, శాంతియాగో. దాదాపు 240 మంది మనుషులు. ఎక్కినవాళ్ళలో విచెంజా నుంచి వచ్చిన ఇటాలియన్ అంటోనియో పిగఫెట్టా ఉన్నాడు. రోజూ చూసింది చూసినట్టు రాసుకున్నాడు కాబట్టే మనకు ఇంత తెలుసు. అయితే ఆయన మెజెల్లాన్ భక్తుడు. ఎంత భక్తుడంటే, చివరికి తనను క్షేమంగా ఇంటికి చేర్చిన ఎల్కానో పేరు తన రాతల్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎల్కానో ఇన్నాళ్ళు నీడలో ఉండిపోవడానికి అదొక పెద్ద కారణం.

స్పానిష్ కెప్టెన్లకు ఈ పోర్చుగీసు నాయకుడంటే మొదటి నుంచీ గిట్టలేదు. దారి ఏమిటో ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు. 1520 మార్చి 31న ఇప్పటి అర్జెంటీనాలోని సాన్ హులియాన్ రేవులో శీతాకాలం గడపడానికి లంగరు వేసి, రేషన్ తగ్గించేసరికి అది బద్దలైంది. ఈస్టర్ రోజుల్లో మూడు ఓడలు తిరగబడ్డాయి. మెజెల్లాన్ మొదట విక్టోరియా మీదికి ఉత్తరం ఇచ్చి మనుషులను పంపాడు. దాని కెప్టెన్ మెండోసా ఉత్తరం చదువుతుండగా పొడిచి చంపించాడు. రేవు నోటిని తన ఓడలతో మూసేశాడు. తర్వాత కెసాదా అనే కెప్టెన్ తల నరికించాడు. తిరుగుబాటు నాయకుడు కార్తహేనాను ఒక పూజారితో కలిపి ఆ నిర్జన తీరం మీద వదిలేశాడు. మరణశిక్ష పడ్డ దాదాపు 40 మందిని మాత్రం క్షమించి సంకెళ్ళతో పని చేయించాడు, ఓడలు నడపడానికి చేతులు కావాలి కదా. ఆ క్షమించిన వాళ్ళలో ఒకడు ఎల్కానో. చేతి కింది వాళ్ళకి దారి చెప్పకపోవడం మెజెల్లాన్ చేసిన మొదటి పెద్ద తప్పని నేను అనుకుంటాను. ఎటు పోతున్నామో తెలియని మనిషి చేత ఆకలి భరింపజేయడం చాలా కష్టం.

అదే సమయంలో దక్షిణంగా దారి వెతకడానికి వెళ్ళిన శాంతియాగో తుఫానులో పగిలిపోయింది. మనుషులు దాదాపు అందరూ బతికారు. ఓడలు నాలుగు మిగిలాయి.

1520 అక్టోబర్ 21న 52 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఒక అగ్రం, దాని వెనక లోపలికి వెళ్ళే అఖాతం కనిపించాయి. మీరు మ్యాప్ మీద చూస్తే జలసంధి ఒక గీతలా కనిపిస్తుంది, నోరు ఇదీ అని వేలు పెట్టవచ్చు. ఓడ మీద నుంచి అలా ఉండదు. తూర్పు వైపు నేల చదునుగా, చెట్లు లేకుండా, బూడిద రంగులో ఉంటుంది. అలాంటి అఖాతాలు ఆ తీరంలో ఎన్నో. అంతకు ముందు జనవరిలో లా ప్లాతా నది ముఖాన్ని జలసంధి అనుకుని వారాల తరబడి వెతికి, నీళ్ళు తియ్యగా తగిలేసరికి వెనక్కి తిరిగారు. ఈసారి రెండు ఓడలను లోపలికి పంపాడు. తుఫాను పట్టి రెండు రోజులు వాటి జాడ లేదు, మునిగాయనుకున్నారు. తర్వాత జెండాలు ఎగరేస్తూ, ఫిరంగులు పేలుస్తూ తిరిగొచ్చాయి. లోపల ఒక ఇరుకు, దాని వెనక ఇంకో అఖాతం, మళ్ళీ ఇరుకు, అయినా నీళ్ళు ఉప్పగానే ఉన్నాయి, లోతు తగ్గడం లేదు.

నేను మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు సెకండ్ ఆఫీసర్‌ని. చిలీ పైలట్లు ఎక్కితేనే ఓడను లోపలికి రానిస్తారు. మా ఓడకు ఇంజన్ ఉంది, రాడార్ ఉంది, మంచి చార్టులు ఉన్నాయి. అయినా మొదటి ఇరుకు దగ్గర పోటు ప్రవాహం 8 నాట్ల దాకా ఉంటుందని, సరైన గంట కోసం బయట ఆగాం. లోపలికి పోయేకొద్దీ కొండలు దగ్గరవుతాయి. వాటి మీద నుంచి గాలి ముందస్తు సూచన లేకుండా ఒక్కసారిగా కిందికి విరుచుకుపడుతుంది. ఒడ్డు పక్కనే లంగరు అందనంత లోతు. మెజెల్లాన్ మనుషులకూ అడుగు తగలక ఓడలను తాళ్ళతో ఒడ్డుకు కట్టుకున్నారు. రాత్రి బ్రిడ్జి మీద వాచ్‌లో నిలబడి, తెరచాపలతో, చార్టు అన్నదే లేకుండా, ఎదురుగాలిలో ఇక్కడికి ఎలా వచ్చారయ్యా అని నాకు ఒళ్ళు జలదరించింది. దాదాపు 570 కిలోమీటర్ల ఆ మెలికల దారిని, చీలిన ప్రతి పాయనూ వెతుక్కుంటూ, 38 రోజుల్లో దాటారు. దక్షిణ తీరం మీద రాత్రిళ్ళు మంటలు కనిపించాయి. అందుకే ఆ నేలకు అగ్నుల భూమి అని పేరు. ముందు పంపిన పడవ మూడో రోజు తిరిగొచ్చి, అవతల అగ్రాన్ని, తెరిచిన సముద్రాన్ని చూశామని చెబితే మెజెల్లాన్ ఆనందంతో ఏడ్చాడని పిగఫెట్టా రాశాడు. సాన్ హులియాన్‌లో తలలు నరికించిన మనిషి అతను.

నా లెక్కలో ఆయన గొప్పతనం ఆ 38 రోజులు. ఎవరూ చూడని దారిని చీకట్లో తడుముకుంటూ, ఒక్క ఓడ కూడా రాతికి తగలకుండా బయట పడేశాడు.

రాతికి తగల్లేదు కానీ ఒక ఓడ పారిపోయింది. దారి వెతకడానికి వెళ్ళిన సాన్ ఆంటోనియోను దాని పైలట్ ఎస్తెవావ్ గోమెస్, ఇంకొందరు కలిసి స్పెయిన్‌కు తిప్పేశారు. అన్నిటికంటే పెద్ద ఓడ అది, ఆహారం ఎక్కువ ఉన్నది దానిలోనే. ఆ తర్వాత మెజెల్లాన్ ఆఫీసర్లను రాతపూర్వకంగా అభిప్రాయం అడిగాడు. అడిగాడు కానీ ముందుకే పోవాలన్నది ఆయన ముందే నిర్ణయించుకున్నాడు.

1520 నవంబర్ 28న మూడు ఓడలు బయటి సముద్రంలోకి వచ్చాయి. ఏడేళ్ళ ముందు పనామా నుంచి బల్బోవా దీన్నే చూశాడు. కానీ దీని వెడల్పు ఎవరికీ తెలియదు. పాత గ్రీకు లెక్కల ప్రకారం భూమి చిన్నది కాబట్టి కొద్ది వారాల్లో ఆసియా వస్తుందనుకున్నారు. మూడు నెలలు దాటినా నేల రాలేదు. తుఫాను ఒక్కటి లేదు, అందుకే దానికి శాంత సముద్రం అని పేరు పెట్టారు. మధ్యలో కనిపించినవి రెండే రెండు చిన్న దీవులు, మనుషులు లేనివి. ఎండు రొట్టెలు పురుగు పట్టి పొడి అయిపోయాయి, ఎలుకల మూత్రం కంపు కొట్టేవి. నీళ్ళు పసుపు రంగుకు మారి కుళ్ళాయి. తెరచాప కొయ్యకు ఒరుసుకోకుండా చుట్టిన ఎద్దు తోళ్ళను విప్పి, నాలుగైదు రోజులు సముద్రపు నీళ్ళలో నానబెట్టి, నిప్పుల మీద కాస్త కాల్చి తిన్నారు. రంపపు పొట్టు తిన్నారు. ఒక ఎలుక అర డ్యూకట్ బంగారానికి అమ్ముడుపోయింది, అదీ అందరికీ దొరకలేదు. చిగుళ్ళు వాచి పళ్ళను కప్పేశాయి, తినడానికి ఏమైనా ఉన్నా నమలలేని స్థితి. అది స్కర్వీ, సి విటమిన్ లేక వచ్చే జబ్బు. దానివల్ల 19 మంది చనిపోయారు. జలసంధి ఒడ్డున ఊటల పక్కన పెరిగే అడవి సెలరీ ఆకును ఎన్నో రోజులు తిన్నామని పిగఫెట్టా రాశాడు. ఆ ఆకే కొన్నాళ్ళు వాళ్ళను నిలబెట్టి ఉంటుందని నా ఊహ. మా రోజుల్లో ఓడలో నిమ్మరసం బాటిల్ ఇస్తే విసుక్కునే కుర్రవాళ్ళకు నేను ఈ కథే చెప్పేవాణ్ణి.

1521 మార్చి 6న గ్వామ్ దీవి దొరికింది. అక్కడి జనం ఓడలెక్కి చేతికందినవి, ఒక చిన్న పడవను కూడా పట్టుకుపోయారు. మెజెల్లాన్ ఒడ్డుకు దిగి ఇళ్ళు తగలబెట్టి, ఏడుగురిని చంపి, పడవ తెచ్చుకున్నాడు. ఆ దీవులకు దొంగల దీవులని పేరు పెట్టి వెళ్ళిపోయాడు. అది అన్యాయం. ఆకలితో ఉన్నాం కదా అని దాన్ని సమర్థించలేం.

మార్చి 16న ఫిలిప్పీన్స్ కనిపించింది. కొన్ని రోజులకు లిమసావా దీవి దగ్గర ఒక పడవలో ఎనిమిది మంది వచ్చారు. ఎన్రికే తన మలయా భాషలో పలకరించాడు. వాళ్ళకు అర్థమైంది! ఆ క్షణాన్ని ఊహించుకోండి. మలక్కా నుంచి పడమరగా యూరప్ వెళ్ళి, అక్కడి నుంచి ఇంకా ఇంకా పడమరగానే పోయి, చివరికి తన మాట తెలిసిన మనుషుల మధ్యకు వచ్చి పడ్డాడు. భూమి గుండ్రమని పుస్తకాల్లో ఉన్నది ఆ రోజు ఒక బానిస నోటి మాటతో రుజువైంది. ఆ యాత్ర మొత్తంలో నా మనసుకు అన్నిటికంటే దగ్గరి క్షణం ఇదే.

ఏప్రిల్ 7న సెబూ చేరారు. అక్కడి రాజు హుమబోన్ వారంలోనే బాప్తిస్మం తీసుకున్నాడు. మెజెల్లాన్‌కు మత ఆవేశం తలకెక్కింది. చుట్టుపక్కల పెద్దలందరూ హుమబోన్‌కు లొంగాలన్నాడు. ఎదురుగా ఉన్న మక్తాన్ దీవిలో లపులపు అనే పెద్ద ఒప్పుకోలేదు. లవంగాల కోసం వచ్చినవాడికి అక్కడి తగాదాలతో పనేమిటి? రావద్దని తన మనుషులు ఎంతో బతిమాలారు, వినలేదు. హుమబోన్ తన సైన్యంతో సాయం వస్తానంటే, మీరు పడవల్లో కూర్చుని మా యుద్ధం చూడండి అన్నాడు.

అక్కడ ఆయన చేసిన తప్పు నావికుడు చేయకూడనిది. తెల్లవారుజామున వెళ్ళేసరికి నీళ్ళు తక్కువగా ఉన్నాయి. తీరం నిండా రాళ్ళు, పడవలు ఒడ్డుకు పోలేదు. 49 మంది తొడల లోతు నీళ్ళలో చాలా దూరం నడవాలి. పడవల్లోని చిన్న ఫిరంగులు అంత దూరం నుంచి పనికిరాలేదు. ఎదురుగా వెయ్యికి పైగా మనుషులని పిగఫెట్టా రాశాడు. భయపెడదామని ఇళ్ళు తగలబెట్టిస్తే వాళ్ళ కోపం రెట్టింపైంది. కవచం లేని కాళ్ళ మీద కొట్టడం మొదలుపెట్టారు. విషం పూసిన బాణం మెజెల్లాన్ కుడి కాలికి తగిలింది. మెల్లగా వెనక్కి రండి అన్నాడు. చాలామంది పరుగు తీశారు. ఆరుగురో ఎనిమిది మందో మిగిలారు. గంటకు పైగా అలా నీళ్ళలో నిలబడి, అందరూ పడవలెక్కారో లేదో అని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాడట. అలా పడిపోయాడు. పాదువా తిట్ట మీద నావికులతో ఉండిపోయిన మనిషి పదకొండేళ్ళ తర్వాత అదే పని చేశాడు. తేడా ఏమిటంటే ఈసారి వాళ్ళను ఆ ప్రమాదంలోకి తెచ్చింది కూడా ఆయనే. ఒక కెప్టెన్‌గా నేను ఆయన్ని ఈ విషయంలో క్షమించలేను. గౌరవించకుండానూ ఉండలేను. లపులపును ఫిలిప్పీన్స్ ఈ రోజు జాతీయ వీరుడిగా తలుచుకుంటుంది, అది న్యాయం.

మే 1న హుమబోన్ విందుకు పిలిచి, వెళ్ళినవాళ్ళలో పాతిక మందికి పైగా చంపించాడు. దాని వెనక ఎన్రికే ఉన్నాడని పిగఫెట్టా ఆరోపణ. యజమాని చనిపోతే ఎన్రికేను విడుదల చేయాలని మెజెల్లాన్ వీలునామాలో స్పష్టంగా రాశాడు. కానీ కొత్త నాయకుడు దువార్తె బార్బోసా అతన్ని బెదిరించి, నువ్వింకా బానిసవే అన్నాడు. ఆ మాట అన్న బార్బోసా విందులో చనిపోయాడు.

ఇక్కడి నుంచి ఎల్కానో కథ. అతని మీద స్పెయిన్‌లో కేసు ఉండేది, అప్పుల కింద తన ఓడను విదేశీయులకు ఇచ్చేసినందుకు. సాన్ హులియాన్‌లో తిరగబడ్డవాడు. అలాంటివాడి చేతికి చివరికి విక్టోరియా వచ్చింది. మనుషులు చాలక కన్సెప్సియోన్‌ను వాళ్ళే తగలబెట్టారు. 1521 నవంబర్ 8న మిగిలిన రెండు ఓడలు తిదోరే చేరి లవంగాలు నింపుకున్నాయి. స్నేహితుడు సెర్రావ్ అప్పటికి కొన్ని నెలల ముందే తెర్నాతేలో చనిపోయాడు. బయలుదేరబోతుంటే త్రినిదాద్‌కు పెద్ద లీకు. మరమ్మతు చేసుకుని పసిఫిక్ మీదుగా తూర్పుకు పోవాలని అది ఆగింది, గాలులు ఒప్పుకోక తిరిగొచ్చి పోర్చుగీసు చేతికి చిక్కింది. దానిలోవాళ్ళలో ఏళ్ళ తర్వాత యూరప్ చేరింది నలుగురైదుగురే.

డిసెంబర్ 21న విక్టోరియా 60 మందితో ఒంటరిగా కదిలింది. మన హిందూ మహాసముద్రంలో రేవులన్నీ పోర్చుగీసువి, ఎక్కడ ఆగినా పట్టుకుంటారు. అందుకని ఎల్కానో తిమోర్ దాటాక బాగా దక్షిణానికి, 40 డిగ్రీల దాకా దిగి, నేల కనపడని దారిలో ఆఫ్రికా వైపు తిప్పాడు. ఆ అక్షాంశాల్లో గాలి ఏడాది పొడుగునా పడమర నుంచే వీస్తుంది. అంటే నెలల తరబడి ఎదురుగాలి. నేను ఆ నీళ్ళలో పెద్ద ఓడతో వెళుతూ కూడా రోజుల తరబడి నిద్ర సరిగా పోలేదు. వీళ్ళది 85 టన్నుల ఓడ, పాతది, కారుతున్నది, రాత్రీ పగలూ నీళ్ళు తోడుతూనే ఉన్నారు. ఉప్పు లేక నిల్వ మాంసం కుళ్ళింది, బియ్యం, నీళ్ళు మిగిలాయి. ఆఫ్రికా కొన దగ్గర ముందరి స్తంభం విరిగింది. మొజాంబిక్‌లో ఆగి లొంగిపోదాం అన్నవాళ్ళు ఉన్నారు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. 1522 మేలో గుడ్ హోప్ అగ్రం దాటారు. శవాలు ఒక్కొక్కటిగా సముద్రంలోకి పోయాయి.

జూలై 9న కేప్ వెర్డేలో, అమెరికా నుంచి వస్తున్నామని అబద్ధం చెప్పి బియ్యం కొన్నారు. అక్కడ ఒక వింత. ఓడ లెక్కలో ఆ రోజు బుధవారం, ఒడ్డున గురువారం. పిగఫెట్టా జబ్బు పడ్డ రోజు కూడా మానకుండా రాసుకున్నాడు, లెక్క తప్పే అవకాశం లేదు. సూర్యుడితో పాటు పడమరకు పోతూ ఉంటే ప్రతి రోజూ కొద్దిగా సాగుతుంది. మొత్తం చుట్టేసరికి సరిగ్గా ఒక రోజు తగ్గుతుంది. ఈ రోజు మేం తేదీ రేఖ దాటేటప్పుడు లాగ్ బుక్‌లో ఒక గీతతో సరిచేసే సంగతిని వాళ్ళు మొదటిసారి తమ జీవితాలతో కనుక్కున్నారు. లవంగాల సంగతి బయటపడి పోర్చుగీసువాళ్ళు 13 మందిని పట్టుకున్నారు. ఎల్కానో మిగిలినవాళ్ళతో లంగరు ఎత్తి పారిపోయాడు. ఆ 13 మందినీ చార్లెస్ తర్వాత విడిపించాడు, కాబట్టి చుట్టి వచ్చినవాళ్ళ లెక్కలో వాళ్ళనూ కలపాలి.

సెవిల్‌లో ఆ 18 మంది కాళ్ళకు చెప్పులు లేకుండా, చేతుల్లో కొవ్వొత్తులతో చర్చికి నడిచారు. ఓడలో 381 బస్తాల లవంగాలు. యాత్ర ఖర్చు దాదాపుగా వాటితోనే వచ్చేసింది. ఎల్కానోకు రాజు ఏడాదికి 500 డ్యూకట్ల పింఛను, భూగోళం బొమ్మ మీద "నన్ను మొదట చుట్టినవాడివి నువ్వే" అని లాటిన్‌లో రాసిన చిహ్నం ఇచ్చాడు. అతను 1526లో రెండో యాత్రలో పసిఫిక్ మధ్యలో చనిపోయాడు. మొలుక్కా మీద హక్కును 1529లో చార్లెస్ 3,50,000 డ్యూకట్లకు పోర్చుగల్‌కే వదులుకున్నాడు. మెజెల్లాన్ భార్య, కొడుకు విక్టోరియా రేవు చేరకముందే పోయారు.

ఇంకో లెక్క ఉంది, మ్యాప్ తీసి మీరే చూడండి. మెజెల్లాన్ 1511లో పడమటి నుంచి మలక్కా దాకా, అంటే 102 డిగ్రీల తూర్పు రేఖాంశం దాకా వచ్చాడు. పదేళ్ళ తర్వాత తూర్పు వైపు నుంచి సెబూకి, 124 డిగ్రీల దగ్గరికి చేరాడు. రెండు ప్రయాణాలనూ కలిపితే ఆయన చుట్టులో మిగిలిపోయింది 22 డిగ్రీలే. ఆయన పక్కనే అన్నిచోట్లా తిరిగిన ఎన్రికేకీ మిగిలింది అంతే. సెబూ నుంచి మలక్కాకి మలయా వర్తకుల పడవలు తిరుగుతూనే ఉండేవి. మే 1 తర్వాత ఎన్రికే పేరు ఏ కాగితంలోనూ కనిపించదు. వాటిలో ఏదో ఒక పడవెక్కి ఇంటికి చేరి ఉంటే, విక్టోరియా కంటే ముందే భూమిని చుట్టినవాడు ఆ మలక్కా కుర్రవాడు.